పాత ఫైబర్ బోటుకు కొత్త అతుకు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం విధించిన విరామం అది. బోటున్న ఇంటికి మాత్రం విరామం ఉండదు. టెక్కలి, నందిగాం, పలాస మీదుగా సాగే జాతీయ రహదారి దిగి, ఉద్దానం కొబ్బరితోటల్లోంచి సముద్రం వైపు వెళ్తే, భావనపాడు మొదలుకొని నువ్వలరేవు, మంచినీళ్లపేట, బారువ దాకా ఒడ్డున మరమ్మతుల కాలం ఇదే. అరిగిన అడుగులకు, చీలిన అంచులకు, లోపల కుళ్లిన ఇంజిను దిమ్మలకు వైద్యం ఇప్పుడే జరగాలి. ఆ వైద్యం చాలావరకు ఇంటి పక్కన, చెట్టు నీడన, ఇంటి మనుషుల చేతుల మీదుగానే జరుగుతుంది.

అలా బాగుచేసిన బోట్లలో కొన్ని ఏళ్ల తరబడి కెరటాలు దాటుతాయి. కొన్నిటికి వేసిన అతుకు దసరా రాకముందే పెచ్చులా లేచిపోతుంది. రెండు రకాల బోట్లవాళ్లూ ఒకే కొట్లో రెజిన్ కొన్నారు, ఒకే చుట్టలోంచి గాజుపోగుల మ్యాట్ కోయించుకున్నారు. మరి తేడా ఎక్కడ వచ్చింది? రెజిన్ డబ్బా మూత తీయకముందు చేసిన పనిలో వచ్చింది. ఎందుకో తెలియాలంటే ఫైబర్ అనే పదార్థం ఎలా పుడుతుందో, ఎలా ముసలిదవుతుందో కొంచెం చూడాలి.

ఈ తీరంలో ఒకప్పుడు పడవను కట్టేవారు, లేదా కుట్టేవారు. తెప్ప అంటే తేలిక దుంగలను తాళ్లతో బిగించి కట్టినది. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఎండబెట్టేవారు, నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కి సరిగా తేలదు కాబట్టి. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలలకు వాడే పడవకు పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరితాడుతో కుట్టేవారు. ఇక్కడ కెరటం నేరుగా ఇసుక మీద వచ్చి విరుగుతుంది, అడ్డుగోడలున్న రేవులు అరుదు. మేకులతో బిర్రుగా బిగించిన పలక ఆ దెబ్బకు చీలుతుంది. కుట్టిన పలక కాస్త కదిలి, కాస్త వంగి దెబ్బను తనలో కలుపుకుంటుంది. తాడు చివికిపోతే పాత కుట్లు తెంపి కొత్త తాడుతో మళ్లీ కుడతారు, పీచుకు ఉద్దానంలో కొదవ లేదు. అంటే ఆ పడవలు తయారైన తీరులోనే మరమ్మతుకు దారి ఉంది. ఫైబర్ బోటుకు విప్పడానికి కట్టు లేదు, తెంపడానికి కుట్టు లేదు. అచ్చులోంచి ఒకే చిప్పగా ఊడివస్తుంది. కొత్తలో దాని బలం అదే, పాతబడ్డాక చిక్కూ అదే.

ఈ చిప్ప మన ఒడ్డుకు చేరడం వెనక కొంత చరిత్ర ఉంది. గాజుపోగులు, పాలిస్టర్ రెజిన్ కలిపి 1942లో అమెరికాలోని టొలీడోలో రే గ్రీన్ అనే ఆయన చిన్న తెరచాప పడవ చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పద్ధతి లోకమంతా పాకింది. బంగాళాఖాతం చేపల వేటకు పనికొచ్చేలా దాన్ని మలిచే ప్రయత్నం 1979లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ, స్వీడన్ ఆర్థిక సాయంతో, మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమాన్ని నడిపింది. రేవు లేని చోట కెరటాల్లోంచి నేరుగా ఇసుక మీదికి ఎక్కగల బోటును రూపొందించడం దాని పనుల్లో ఒకటి. నార్వేకు చెందిన నౌకా రూపకర్త ఓయ్విండ్ గుల్‌బ్రాండ్‌సెన్ ఆ పనిలో ముఖ్యుడు. ఒడ్డు తగలగానే ప్రొపెల్లరును పైకి ఎత్తేసే ఏర్పాటు ఆ ప్రయోగాల ఫలమే. తెప్పలకు తగిన లావుపాటి దుంగలు దొరకడం కష్టమవుతున్న రోజులవి, కాబట్టి ఫైబర్‌కు దారి సులువైంది. తర్వాత 2004 డిసెంబరు 26 నాటి సునామీ వచ్చింది. సాయంగా వచ్చిన డబ్బుతో కోరమాండల్ తీరమంతా ఫైబర్ బోట్లు ఒక్కసారిగా పెరిగాయి. తొందరలో కట్టిన వాటిలో నాసిరకంవీ ఉన్నాయి. డెక్కు లేని ఫైబర్ బోటును పద్ధతిగా ఎలా కట్టాలో చెబుతూ ఎఫ్‌ఏఓ 2009లో ఒక సాంకేతిక పుస్తకమే వేసింది.

ఇక పదార్థం సంగతి. చేయి జారిన గాజు గ్లాసు ముక్కలవుతుంది. అదే గాజుతో కెరటాన్ని ఢీకొనే బోటు ఎలా తయారవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు 1920లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో దొరికింది. ఎ.ఎ. గ్రిఫిత్ అనే యువ ఇంజినీరు గాజును వేడిచేసి పోగులుగా సాగదీసి, ఒక్కో పోగు ఎంత బరువుకు తెగుతుందో కొలిచాడు. పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతూ పోయింది. మిల్లీమీటరు మందం కడ్డీతో పోలిస్తే, మిల్లీమీటరులో సుమారు మూడువందలో వంతు మందమున్న పోగు దాదాపు 20 రెట్లు బలంగా నిలిచింది. గాజు బలహీనతంతా దాని మీదుండే కంటికి కనబడని పగుళ్లలో ఉంది. పోగు ఎంత సన్నమైతే అందులో పెద్ద పగులుకు చోటు అంత తక్కువ. ఇప్పుడు బోట్లకు వాడే గాజుపోగులు మనిషి వెంట్రుక కంటే సన్నగా, మిల్లీమీటరులో వందో వంతు ప్రాంతంలో ఉంటాయి.

అయితే పోగు లాగితే బలం, నొక్కితే వంగిపోతుంది. దాన్ని చోటు కదలకుండా పట్టి ఉంచడానికి రెజిన్ కావాలి. మట్టిగోడలో గడ్డికీ మట్టికీ ఉన్న పొత్తు లాంటిదే ఇదీ. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. బలం రెజిన్‌లో ఉందనుకుని దాన్ని ధారాళంగా పోస్తారు. రెజిన్ ఒంటరిగా పెళుసు. ముక్కలు ముక్కలుగా నరికిన పోగులతో చేసే మ్యాట్ వాడినప్పుడు బరువులో మూడో వంతు దాకా గాజు ఉంటుంది. తాళ్లలా నేసిన రోవింగ్ అయితే సగం దాకా ఉండగలదు. చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్‌కు కిలో రెజిన్ చాలు. అంతకు మించి పోసింది బరువే తప్ప బలం కాదు. మెరిసే అతుకును చూసి మురిసిపోకండి. అడుగున రెజిన్ మడుగు కడితే కెరటం కొట్టిన మొదటి దెబ్బకే అది నెర్రెలిస్తుంది.

డబ్బాలో వచ్చే రెజిన్ అంటే స్టైరీన్ అనే ఘాటు వాసన ద్రవంలో కరిగించిన పాలిస్టర్. పొడవాటి పాలిస్టర్ గొలుసులు ఒకదాన్నొకటి అంటకుండా ఈదుతుంటాయి. క్యాటలిస్టు కలిపితే స్టైరీన్ అణువులు ఆ గొలుసుల మధ్య వంతెనలు కట్టడం మొదలుపెడతాయి. కొద్దిసేపటికి ద్రవం జిగురై, ముద్దై, చివరకు ఒకే వలగా గట్టిపడుతుంది. కొట్లో దొరికే క్యాటలిస్టు పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. గది వేడిమికే పని జరగాలంటే ఊదారంగు కోబాల్ట్ ద్రావణం కూడా కావాలి, దాన్ని యాక్సిలరేటర్ అంటారు. ఈ రెండిటినీ నేరుగా ఒకదాంతో ఒకటి ఎన్నడూ కలపకూడదు, పేలిపోతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలిపి, ఆ తర్వాత విడిగా క్యాటలిస్టు వేయాలి. ఇది జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు, కళ్లు పోగొట్టుకోకుండా ఉండేందుకు చెప్పే మాట. రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టడం కూడా మంచిది కాదు.

వంతెనలు కట్టేటప్పుడు వేడి పుడుతుంది. పలచగా పూసిన పొరలో పుట్టిన వేడి గాలిలోకి పోతుంది. బకెట్లో మిగిలిన రెజిన్‌కు ఆ దారి లేదు, వేడి లోపలే పేరుకుని పొగలు కక్కుతుంది, ఒక్కోసారి ప్లాస్టిక్ బకెట్టే కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఈ ప్రాంతంలో పని చేసేవారికి ఇది బాగా తెలుసు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రెజిన్ గడ్డకట్టే సమయం రమారమి సగమవుతుంది. దానికి విరుగుడుగా కొందరు క్యాటలిస్టును నాలుగు చుక్కలకు తగ్గిస్తారు. అది తప్పు. ఒక శాతం కంటే బాగా తగ్గితే రెజిన్ పైకి గట్టిగా కనబడుతుంది కానీ లోపల వంతెనలు పూర్తికావు. ఆ అతుకు ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. కిలోకు 10 మిల్లీలీటర్లు ఉంచుకుని, ఒకేసారి కలిపే పరిమాణం తగ్గించుకోవడం, ఎండ ముదరకముందే పని ముగించడం సరైన దారి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బోటును మొదట అచ్చులో కట్టేటప్పుడు ఒక పొర పచ్చిగా ఉండగానే దాని మీద మరో పొర వేస్తారు. కింది పొరలో ఇంకా కలవడానికి సిద్ధంగా ఉన్న గొలుసులు పై పొర గొలుసులతో కలిసిపోతాయి. రెండూ ఒకే పదార్థమవుతాయి. ఏళ్ల క్రితం గట్టిపడిన చిప్ప మీద కొత్త రెజిన్ పోస్తే ఈ కలయిక జరగదు. పాతదానిలో వంతెన కట్టడానికి ఖాళీ చేతులు దాదాపు మిగలవు. కొత్త రెజిన్ పాత ఉపరితలం మీది గరుకులోకి దిగి కొక్కెంలా పట్టుకుంటుంది, అంతే. అంటే ఇంట్లో వేసే ఏ అతుకూ రసాయన బంధం కాదు, పట్టు మాత్రమే. ఆ పట్టుకు కావలసినవి మూడు: గరుకైన ఉపరితలం, పొడి ఉపరితలం, విశాలమైన ఉపరితలం. ఈ మూడూ గ్రైండరు, గుడ్డ, ఓపిక చేసే పనులు. రెజిన్ చేసేవి కావు.

విశాలం అంటే ఎంత? చిప్ప మందానికి 12 రెట్లు వాలు తీయాలన్నది బోట్లు బాగుచేసేవారు నమ్మే లెక్క. 6 మిల్లీమీటర్ల మందమున్న అడుగులో 5 సెంటీమీటర్ల రంధ్రం పడిందనుకోండి. దాని చుట్టూ అన్ని వైపులా 7 సెంటీమీటర్ల పైచిలుకు దూరం నుంచి పళ్లెం అంచులా పలచబడుతూ రావాలి. అంటే అతుకు మొత్తం వెడల్పు దాదాపు 20 సెంటీమీటర్లు. చిన్న రంధ్రానికి ఇంత గోకడమా అని చేయి వెనకాడుతుంది. బాగున్న ఫైబర్‌ను చేతులారా కోసేయడం ఎవరికైనా కష్టమే. కానీ రంధ్రం మీద బిళ్లలా అంటించిన ముక్క అంచు దగ్గర ఒత్తిడంతా ఒకే గీత మీద పడుతుంది, లేవడం అక్కడే మొదలవుతుంది. వాలుగా తీస్తే అదే ఒత్తిడి 7 సెంటీమీటర్ల పట్టీ మీద పంచుకుపోతుంది.

ఆ వాలులో పొరలు వేసే వరుస మీద పనివాళ్లలో రెండు మతాలున్నాయి. చిన్న ముక్క ముందు, ఆపైన ఇంకాస్త పెద్దది అంటారు కొందరు. పెద్ద ముక్కే ముందు, ఆపైన చిన్నవి అంటారు మరికొందరు. నేను రెండో మాట వైపు. మొదటి పొరే మొత్తం వాలును ఒక్కటిగా పట్టుకుంటుంది, పైన గోకి నునుపు చేసేటప్పుడు తెగేది చిన్న పొరల అంచులే. ఒక్కో 450 మ్యాట్ పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. 6 మిల్లీమీటర్లు నింపాలంటే ఆరు పొరలు. ఆరూ ఒకే ఊపులో వేయకండి, వేడి లోపలే పేరుకుంటుంది. మూడు వేసి, గట్టిపడి చల్లారాక మిగతా మూడు. పాలిస్టర్ పైపొర గాలి తగిలినంత మేర జిగటగానే ఉంటుంది, ఆక్సిజన్ దాన్ని గట్టిపడనివ్వదు. ఇది లోపం కాదు, తర్వాతి పొరకు సౌకర్యం. చివరి పొరలో మాత్రం మైనం కలిపిన రెజిన్ వాడతారు, మైనం పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది. మైనం పడిన పొర మీద మళ్లీ పని చేయాల్సివస్తే మొదట దాన్ని పూర్తిగా గోకేయాలి. మైనం మీద ఏదీ అంటదు.

పొడి సంగతి ఇంకా మొండిది. ఉప్పునీటిలో ఏళ్లు తిరిగిన బోటు మీద ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలో తేమను లాగుతుంది. కాబట్టి ఎండబెట్టడానికి ముందు మంచినీళ్లతో, ఒకటికి రెండుసార్లు కడగాలి. ఆరిందో లేదో తేల్చుకోవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. సాయంత్రం ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బిగించి అతికించండి. పొద్దున లోపలి వైపు చెమ్మ కనబడితే ఇంకా ఎండాలి. గోకాక అసిటోన్‌తో తుడవడం ఎంత అవసరమో, తుడిచాక అరచేయి ఆనించకపోవడం అంతే అవసరం. మ్యాట్ చుట్టను కూడా నేల మీద పడేయకూడదు. గాజుపోగులకు రెజిన్ అంటుకోవాలని కర్మాగారంలోనే వాటికి పలచటి రసాయన పూత వేస్తారు. చెమ్మ మొదట దెబ్బతీసేది ఆ పూతకూ రెజిన్‌కూ మధ్య పట్టునే.

ఫైబర్ కుళ్లదు అనేది అమ్మేవాళ్ల మాట. అందులో సగమే నిజం. గాజు కుళ్లదు, రెజిన్ కుళ్లదు. కానీ ఇంజిను దిమ్మ కింద, వెనక పలక లోపల, అడ్డపట్టీల్లో చాలా బోట్లకు చెక్కే ఉంటుంది. ఫైబర్ దాని మీద చొక్కా మాత్రమే. ఇంజిను బోల్టు కోసం వేసిన రంధ్రం ఆ చొక్కాకు చిరుగు. అందులోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. ఇందులో వింతేమిటంటే చెక్కకు సముద్రపు నీటికంటే వాననీరు ఎక్కువ చేటు. కుళ్లబెట్టే శిలీంధ్రాలు ఉప్పును అంతగా సహించవు. వాననీరు వాటికి హాయి. వేట లేనప్పుడు ఒడ్డున బోర్లించకుండా వదిలేసిన బోట్లు, వేటకు పోయే బోట్లకంటే ముందు లోపల మెత్తబడేది ఇందుకే. రంధ్రం వేసిన ప్రతిసారీ దాని గోడలకు రెజిన్ పట్టించడం చిన్న పని, ఎవరూ చేయరు.

బయటి వైపు సూర్యుడు పైపూత అయిన జెల్‌కోట్‌ను సుద్దలా మారుస్తాడు. అది ఎక్కువగా చూపుకే లోటు. నీళ్లలోనే నెలల తరబడి నిలిచే విహార నౌకలకు జెల్‌కోట్ కింద బొబ్బలు లేస్తాయని విదేశీ పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. చిప్పలోకి ఊరిన నీరు అక్కడ మిగిలిన రసాయనాలను కరిగించుకుని, ఆ చిక్కటి ద్రావణం ఇంకా నీటిని లాక్కోవడం వల్ల పుట్టే రోగం అది. రోజూ ఇసుక మీదికి ఎక్కి ఎండే మన బోట్లకు ఆ బాధ తక్కువ. మన రోగాలు వేరు. లాగేటప్పుడు ఇసుక అడుగును అరగదీస్తుంది. కెరటం ఎత్తి కుదేసినప్పుడు పొరలు విడిపోతాయి. లోపలి వైపు జెల్‌కోట్ లేకుండా వదిలేసిన చోట ఎప్పుడూ నాలుగు చెంబుల నీళ్లు నిలిచి ఉంటాయి. పరీక్ష చేయాలంటే ముందు లోపల చూడాలి.

పరీక్షకు రూపాయి బిళ్ల చాలు. చిప్ప అంతటా కొడుతూ పోతే బాగున్న చోట కణకణమని స్ఫుటంగా పలుకుతుంది, పొరలు విడిన చోట మందంగా, బొదబొదమంటుంది. అలాంటి చోటునల్లా సుద్దతో గీయండి. గీసిన బొమ్మను చూస్తే బోటు చరిత్ర తెలుస్తుంది. నక్షత్రంలా చీలిన పగుళ్లు ఒక దెబ్బ తగిలిన గుర్తు. పక్కపక్కనే నడిచే గీతలు అక్కడ చిప్ప పదేపదే వంగుతోందనడానికి సాక్ష్యం. రెండో రకానికి పైన పుట్టీ రాస్తే లాభం లేదు, లోపల నుంచి అడ్డపట్టీ వేసి ఆ వంగుడు ఆపాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 165 కిలోమీటర్ల దాకా విసిరింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, ఒడ్డునున్న బోట్లూ దెబ్బతిన్నాయి. ఇలాంటి గాలికి ఎగిరిపడిన బోటుకు పైకి కనబడే చీలిక కంటే కనబడని పొరల విడుపు ఎక్కువ ఉంటుంది.

జీడి తలపుకొచ్చింది కాబట్టి ఒక పక్కదారి. చెక్క పడవలకు చేపనూనె, జీడిపిక్క పెంకు నూనె పట్టించడం మన దేశ తీరాల్లో పాత అలవాటు. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్క కొట్టేవారి చేతులను కాల్చే ఆ నూనెలోంచే కార్డనాల్ అనే పదార్థం తీస్తారు. దాన్నుంచి ఎపాక్సీ అనే మరో రకం రెజిన్లను గట్టిపరిచే ఫినాల్కమైన్ అనే రకం తయారవుతుంది. చలిలో, చెమ్మలో కూడా పని చేస్తుంది కాబట్టి ఓడల రంగుల్లో దానికి ప్రపంచమంతా గిరాకీ ఉంది. ఉద్దానం పెంకు నూనె ఈ విధంగా మళ్లీ సముద్రం చేరడం నాకు ముచ్చటేస్తుంది.

ఎపాక్సీ పాత ఫైబర్‌నూ చెక్కనూ పాలిస్టర్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఖరీదెక్కువ. వెనక పలక చెక్క మార్చేటప్పుడు, అడుగున లోతైన గాయం పూడ్చేటప్పుడు ఆ ఖర్చు దండగ కాదు. కానీ రెండు మెలికలున్నాయి. మామూలు మ్యాట్‌లో పోగులను కలిపి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరగడానికి ఉద్దేశించినది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. మ్యాట్ బిర్రుగానే ఉండి వంపుల్లో కూర్చోదు. కాబట్టి ఎపాక్సీతో నేసిన గుడ్డే వాడాలి. రెండోది, ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ సరిగా గట్టిపడకపోవచ్చు. దాని బదులు ఎపాక్సీ మీద తగిన రంగు వేసుకోవాలి.

తేలుడు గురించి ఒక మాట. దుంగల తెప్ప తిరగబడినా మునగదు. ఫైబర్ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, నీళ్లు నిండితే చిప్ప మునుగుతుంది. అందుకే ముందూ వెనకా అరల్లో నురగ నింపుతారు. బాగుచేసేటప్పుడు అక్కడ థర్మోకోల్ కనబడితే పాలిస్టర్ రెజిన్ దాన్ని తాకనివ్వకండి. థర్మోకోల్ అంటే గాలి పట్టించిన పాలీస్టైరీన్, స్టైరీన్ సోకగానే మంచులా కరిగి గుప్పెడు జిగురవుతుంది. పైన మూసేస్తే ఎవరికీ తెలియదు, బోటు తిరగబడిన రోజున తెలుస్తుంది. పాత నురగను చేత్తో పిండి చూడండి. నీళ్లు కారితే అది తేల్చే వస్తువు కాదు, మోయాల్సిన బరువు.

గోకేటప్పుడు లేచే దుమ్ము గాజు. చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చేటు. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే చాలదు, దుమ్మును ఆపే మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా కావాలి. స్టైరీన్ ఆవిరిని దుమ్ము మాస్కు ఆపదు. గాలి వీచే చోట పని చేయడం, లేదా రసాయన ఆవిర్లను పీల్చుకునే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు పెట్టుకోవడం తప్ప గతి లేదు. క్యాటలిస్టు కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో ఆగకుండా కడుగుతూ ఆసుపత్రికి పోవాలి. పిల్లలను ఆ చాయలకు రానివ్వకండి, చుట్ట, బీడీ దూరంగా పెట్టండి. పాత ముక్కలను పోగేసి తగలబెట్టడం మరీ ఘోరం, ఆ పొగ ఊరంతా పీలుస్తుంది. ఫైబర్‌ను కరిగించి మళ్లీ వాడుకునే దారి ఊళ్లలో ఎక్కడా లేదు. బోటును బాగుచేసుకోవడం డబ్బుకే కాదు, ఒడ్డుకూ మేలు.

అలాగని ప్రతి బోటూ బాగుపడదు. అడుగు మీద నిలబడి గెంతితే కాలికింద ఊగుతుంటే, బిళ్లతో కొట్టినప్పుడు అడుగు సగానికి పైగా మందంగా పలికితే, వెనక పలకతో పాటు అడుగు పట్టీల్లోనూ చెక్క పిండి అయిపోతే ఆ బోటు మీద రెజిన్ పోయడం దండగ. అలాంటిదాన్ని సముద్రంలోకి తీసుకెళ్లే హక్కు కూడా ఎవరికీ లేదు, ఇంకో ముగ్గురు ఎక్కుతారు కాబట్టి. "రంగేసెత్తే సరిపోద్దిలే" అనే మాట వినబడితే జాగ్రత్తపడండి. రంగు కింద ఏముందో బిళ్ల మోత చెప్పగలదు, కన్ను చెప్పలేదు.

పాత బోటు కొనాలనుకునేవారు నిషేధం ముగిసే జూన్‌లో కాకుండా, అది మొదలయ్యే ఏప్రిల్‌లోనే కొనండి. అప్పుడైతే పగుళ్లు పగుళ్లుగానే కనబడతాయి, ఎండబెట్టడానికి, గోకడానికి 61 రోజులూ మీ చేతిలో ఉంటాయి. నిన్నగాక మొన్న మెరిసే రంగు వేయించిన పాత బోటు ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.